షుగర్ అని చెప్పుకున్నాం

మా తమ్ముడికి షుగర్ లేదు. ఏనాడూ లేదు. అయినా తొమ్మిదేళ్ళపాటు ప్రెస్సులో నలభై మంది ఎదుట వాడు చక్కెర లేని టీ తాగాడు. ఎవరైనా మిఠాయి పంచితే తన వాటా పక్కవాడి చేతిలో పెట్టాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు మరుగున పడి, అందరూ "షుగరూ" అని పిలుస్తుంటే ఆ పిలుపుకీ పలికాడు. ఇదంతా నా తెలివి. ఇంటికొచ్చి తలుపు వేశాక వాడి టీలో మూడు చెంచాల చక్కెర కలిపి ఇచ్చింది కూడా నేనే.

నేను బైండింగులో కుట్టు పని చేస్తాను. అచ్చయిన కాగితాలు మడతలు పడి పదహారు పేజీల ఫారాలుగా నా బల్ల మీదికి వస్తాయి. వరస సరిచూసి, కుట్టి, జిగురు బల్లకి పంపిస్తాను. అట్ట వేసి ఆరబెట్టాక అన్నీ చివరికి చేరేది మా తమ్ముడి దగ్గరికి, కటింగ్ మెషిన్ మీదికి. మూడు వైపులా అంచులు కోస్తే గానీ అది పుస్తకం కాదు. వాడు దొంతర సర్ది, పై చక్రం తిప్పి బిగించి, "కోత!" అని గట్టిగా కేకేసి, రెండు చేతులతో రెండు బొత్తాలూ ఒక్కసారి నొక్కుతాడు. కత్తి కింద ఎవరి చెయ్యీ ఉండకూడదని మా ప్రెస్సులో ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి అది. వాడు కోసిన అంచు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగలదు. ఆ మెషిన్ అంటే వాడికి ప్రాణం. ఆదివారం సెలవొస్తే మొహం వేలాడేసుకునేవాడు.

ఇంట్లో మేమిద్దరమే. అమ్మా నాన్నా పోయారు. నన్ను కట్టుకున్నవాడు నా నోటికి జడిసి రెండో ఏడాదే పారిపోయాడని ప్రెస్సులో చెప్పుకుంటారు. నేను కాదనను. చెప్పుకునేవాళ్ళని ఆపడం ఎవరి వల్లా కాదు, అందుకే ఏం చెప్పుకోవాలో మనమే ముందుగా అందించడం మంచిదని నా లెక్క. షుగర్ కథ పుట్టింది ఆ లెక్కలోంచే.

తొమ్మిదేళ్ళ కింద ఒకసారి వాడికి పదకొండు రోజులు నిద్ర లేదు. అలసటా లేదు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. ప్రపంచంలో పుస్తకాలన్నీ ఒకే కొలతలో వేస్తే ఎంత కాగితం మిగులుతుందో కనిపెట్టానని గోడల నిండా రాశాడు. తలుపులు బార్లా తీసి, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు. కాసేపు నవ్వొచ్చేది, కాసేపు భయమేసేది. ఆ తర్వాత ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. మూడు నెలలు మంచం దిగలేదు. స్నానం చెయ్యరా అంటే ఏడ్చేవాడు. మా వీధిలో ఎవరైనా చూస్తారని రెండు వీధులు నడిపించి, అక్కడ బస్సెక్కించి, ఊరికి ఆ చివరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి పెద్ద డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. ఇది మనసుకి వచ్చే జబ్బు, ఒకసారి పైకి ఎగరేస్తుంది, ఒకసారి కిందికి తోసేస్తుంది, పూర్తిగా పోదు, మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుంది. ఆ మాత్ర ఒక రకం ఉప్పు. రక్తంలో తగ్గితే పని చెయ్యదు, పెరిగితే విషం. అందుకని మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేయించాలి, నీళ్ళు బాగా తాగాలి, నొప్పి మాత్రలు మింగితే ఒంట్లో అది పేరుకుపోతుంది కాబట్టి సొంతంగా మింగకూడదు. "ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఈ మాత్ర సంగతి చెప్పండి. అన్నీ మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకండి" అన్నాడు. నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే నన్ను నేను కొంతయినా క్షమించుకునేదాన్ని.

అంతకు రెండేళ్ళ ముందు మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మాష్టారొకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్ళు మానసిక ఆసుపత్రిలో ఉన్నానని మమ్మల్ని నమ్మి చెప్పాడు. సాయంత్రానికి ప్రెస్సంతా పాకింది. మర్నాడు ఆయన పెన్సిల్ చెక్కుకునే చాకు మాయమైంది. ఆయన తప్పు చూపిస్తే "మాత్ర వేసుకున్నారా మాష్టారూ?" అనేవాళ్ళు. నవ్వితే ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. మూడు వారాలకి ఆయన రావడం మానేశాడు. ఇందులో నా వంతు కూడా చెప్పాలి. ఆయన కూర్చున్న బల్ల దగ్గర్నుంచి నా అన్నం డబ్బా తీసుకుని అందరికంటే ముందు లేచి వెళ్ళింది నేను. "ఎప్పుడేం చేస్తాడో ఎవరికి తెలుసు" అన్న మాట మొదట నా నోట్లోంచే వచ్చింది.

అలాంటి చోటికి, బారెడు కత్తి ఉన్న మెషిన్ మీదికి, మా తమ్ముణ్ణి ఆ జబ్బు పేరుతో ఎలా పంపను?

షుగర్ అన్న మాట రక్త పరీక్షల గదిలోనే తట్టింది. వరసలో ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి "మీవాడికీ షుగరేనా?" అంది. అవునన్నాను. ఎంత బాగా అతికిందో. రోజూ మాత్రలు, మూడు నెలలకోసారి పరీక్ష, పైగా ఆ ఉప్పు వల్ల వాడికి ఎప్పుడూ దాహం, మాటిమాటికీ బాత్రూమ్. అన్నీ సరిపోయాయి. మాత్రలన్నీ రేకుల్లోంచి ఒలిచి పేరు లేని సీసాలో పోసేదాన్ని. ఖాళీ రేకుల్ని ముక్కలుగా కత్తిరించి ప్రెస్సు తుక్కులో కలిపేసేదాన్ని. దొంగలు కూడా అంత జాగ్రత్త పడరు.

మొదట్లో వాడు ఒప్పుకోలేదు.

"లేని జబ్బు నాకెందుకక్కా? ఉన్నది చాలదా?"

"షుగరంటే జాలిపడతారు, అవసరమైతే సెలవిస్తారు. నీ జబ్బు పేరు తెలిస్తే నీ చేతిలో కత్తెర కూడా ఉంచరు. మాష్టారి సంగతి తెలీదా నీకు?"

"ఎన్నాళ్ళని మొయ్యను ఈ అబద్ధం?"

"నిన్నెవడు మొయ్యమన్నాడు? నేను లేనా?" అన్నాను. ఆ రోజు ఆ మాట అన్నందుకు నన్ను చూసి నాకే గర్వంగా అనిపించింది.

బైండింగ్ మేస్త్రీ గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నోరు అరగలేదు. మా తమ్ముడంటే ఆయనకి కొడుకు మీద ఉన్నంత ఆపేక్ష. వాడికి షుగర్ అని తెలిసిన రోజు నుంచీ కాపలా కుక్కలా వెంటబడ్డాడు. వాడి టీ ముందు తను చుక్క రుచి చూసి, చక్కెర పడలేదని నమ్మకం కుదిరాకే ఇచ్చేవాడు. ఎవరైనా బిస్కెట్ ఇవ్వబోతే "వాణ్ణి చంపుతావట్రా?" అని ఇంతెత్తున లేచేవాడు. మా వాడు బుద్ధిగా తలూపేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా జబ్బు తిరగబెట్టలేదు. మాత్ర తప్పలేదు, పరీక్ష తప్పలేదు, కోత తప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

మొన్నటి వేసవిలో బడి పుస్తకాల ఆర్డరొచ్చింది. ఇరవై రోజుల్లో లక్షన్నర ప్రతులు. రేకుల కప్పు కింద ఎండ మాడ్చేస్తుంటే, ఫ్యాన్లు వేస్తే ఫారాలు ఎగిరిపోతాయని ఆపేసి పని చేశాం. అప్పుడే మా వాడికి దవడ పన్ను పుచ్చి పోటు మొదలైంది. బుగ్గ బన్నులా ఉబ్బింది. అన్నం నమలలేడు, నీళ్ళు తగిలినా జిల్లుమంటుందని నీళ్ళూ తగ్గించేశాడు.

"చక్కెర ముట్టని నోట్లో పన్ను పుచ్చడమేంట్రా, విడ్డూరం కాకపోతే!" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. బుగ్గ పట్టుకుని మా వాడూ నవ్వాడు. నేను తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే సగం రోజు పోతుంది. ఆర్డరయ్యాక వెళ్ళొచ్చులే అన్నాడు వాడు. మేస్త్రీ తన జేబులోంచి మోకాళ్ళ నొప్పి మాత్రల రేకు తీశాడు. "ఇవి వేసుకో. పూటకొకటి. నా మోకాళ్ళనే లేపి నడిపిస్తున్నాయి, నీ పన్నెంత?" అని నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. మా వాడు నా వైపు చూశాడు. పది అడుగుల దూరంలో ఉన్నాను. డాక్టర్ చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది. వద్దు మేస్త్రీ గారూ, వాడికవి పడవు అని ఒక్క మాట చాలు. ఎందుకు పడవంటాడు. తన బావమరిదికి ఇరవయ్యేళ్ళ షుగర్, వాడూ ఇవే మింగుతాడంటాడు. అప్పుడేం చెప్పను? ఒకటి రెండు మాత్రలకి ఏమవుతుందిలే అనుకున్నాను. వాడు మింగాడు.

ఇంటికొచ్చాక మాత్రం ఎగిరాను. "బుద్ధుందా? నొప్పి మాత్రలు ముట్టొద్దని చెప్పారా లేదా?"

"నాకు మాత్రం తెలీదా? ఆయన ఎదురుగా నిలబడి మింగేదాకా కదలడు. ఏమని చెప్పను, నువ్వే చెప్పు" అన్నాడు. పూటకొకటి చొప్పున ఐదు రోజులు మింగాడు.

నాలుగో రోజు వాడి వేళ్ళు వణకడం చూశాను. కొలబద్ద పట్టుకుంటే గీత మీద నిలవడం లేదు. వాడు చేరాక మొదటిసారి ఒక దొంతర అంచు వంకర పోయింది. "తిండి లేక నీరసం" అన్నాడు మేస్త్రీ. నేనూ అదే అన్నాను. ఆ రాత్రి "మానేద్దామా ఆ ఉప్పు మాత్ర?" అని వాడే అడిగాడు. మానేస్తే మళ్ళీ గోడల మీద రాస్తాడని భయపడి, నా చేత్తో నేనే వేశాను.

ఐదో రోజు పొద్దున రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఇంట్లో ఉండిపోరా అంటే వినలేదు. పదకొండున్నర ప్రాంతంలో మెషిన్ దగ్గర నుంచి "కోత" అన్న కేక వింతగా వినబడింది. నాలుక మడతపడి, మాట సాగిపోయింది. తల తిప్పి చూశాను. చేతులు బొత్తాల మీదికి వెళ్ళకుండా గాల్లో ఊగుతున్నాయి. రెండడుగులు వెనక్కి వేసి, తుక్కు కాగితాల గుట్ట మీద కూలబడ్డాడు.

"తాగొచ్చాడేంటి?" అన్నారెవరో. ఆ మాట అన్నవాడి మీదికి మేస్త్రీ చెయ్యెత్తాడు. "నోర్ముయ్! షుగర్ పడిపోయింది వాడికి. ఐదు రోజులై తిండి లేదు. చక్కెర తెండి, ఎవడైనా చక్కెర తెండ్రా!" టీ కాచే మూల నుంచి చక్కెర డబ్బా పరుగెత్తుకొచ్చింది. ఇద్దరు తల పట్టుకున్నారు, మేస్త్రీ గుప్పెడు చక్కెర వాడి నోట్లో పోశాడు. నీళ్ళలో కలిపి తాగించాడు. సగం గడ్డం మీద కారింది. "ఏం కాదురా నాన్నా, మింగు, మింగు" అంటూ ఆ పెద్దాయన వాడి గడ్డం తుడుస్తున్నాడు. నేను వాడి కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఆ గదిలో నిజం తెలిసినది నేనొక్కదాన్నే. అందరితో పాటు నేనూ "చక్కెర, ఇంకొంచెం చక్కెర" అన్నాను.

పుస్తకాలు చేరవేసే వ్యాన్ ఖాళీ చేసి అందులో పడుకోబెట్టి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తెచ్చాం. పన్నెండున్నర అయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ చురుకైనది. వేలు గుచ్చి చూసి, "షుగర్ కొంచెం ఎక్కువే ఉంది" అంది. ఉండదూ మరి, గుప్పెడు పోశాం.

"ఈయనకి ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా? రోజూ ఏం మందులు వాడతారు?"

నేను నోరు తెరిచాను. నా పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా మేస్త్రీ ఉన్నాడు.

"షుగరండీ" అన్నాడాయన. "తొమ్మిదేళ్ళ నుంచి. చాలా పద్ధతిగా ఉంటాడు. టీలో కూడా చక్కెర వేసుకోడు."

"ఏ మాత్ర? పేరు తెలుసా?" అంది డాక్టరమ్మ, నా వైపు చూసి.

"తెలీదండీ. సీసాలో ఉంటాయి" అన్నాను.

"వేరే ఏమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

అంతే. రెండు మాటలు. ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది. రక్తం తీసుకెళ్ళారు, సెలైన్ పెట్టారు. ఎండ దెబ్బ కావచ్చు, పన్ను చీము రక్తంలోకి పాకి ఉండొచ్చు, తలలో నరం ఏమైనా చిట్లిందేమో చూడాలి అని ఒక్కొక్కటే పరీక్షలు చేయిస్తున్నారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కటే ఎదురు చూస్తున్నాను. మేస్త్రీ ఎప్పుడు వెళ్తాడా అని.

ఆయన వెళ్తే చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. "మీరు వెళ్ళండి మేస్త్రీ గారూ, ఆర్డర్ ఆగిపోతుంది" అన్నాను. "ఆగనీ" అన్నాడు. "ఇంట్లో కంగారు పడతారు" అన్నాను. "ఫోన్ చేసి చెప్పాలే" అన్నాడు. మంచినీళ్ళు తెమ్మన్నాను, రెండు నిమిషాల్లో తెచ్చాడు. టీ కావాలన్నాను, ఎదురుగా పోతున్న వార్డు ఆయాని బతిమాలి తెప్పించాడు. డాక్టరమ్మ వస్తే లేచి వెంట నడిచాను, నాకేదో కళ్ళు తిరుగుతున్నాయనుకుని ఆయనా మోకాళ్ళు ఈడ్చుకుంటూ వెంట వచ్చాడు. "ఇలాంటప్పుడు నిన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా వెళ్తానమ్మా? నాకు మాత్రం వాడు పరాయివాడా?" అన్నాడు. ఆ మంచితనం చూస్తుంటే నాకు ఆయన పీక నులమాలనిపించింది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కాగితాల మధ్య బతికినదాన్ని. ఒక చిన్న ముక్క మీద ఆ మాత్ర పేరు రాసి డాక్టరమ్మ చేతిలో పెట్టొచ్చని ఆ నాలుగున్నర గంటల్లో ఒక్క క్షణం కూడా తట్టలేదు. తట్టిందేమో, కానీ ఆ కాగితం ఎవరైనా చదువుతారని భయపడ్డానేమో. ఇప్పుడు ఎంత తవ్వుకున్నా అది తేలడం లేదు.

మధ్యలో ఒకసారి మా వాడు కళ్ళు తెరిచాడు. పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను. ముద్ద ముద్దగా "చెప్పావా?" అన్నాడు. తల ఊపాను. చెప్పానన్నట్టు.

ఐదు గంటలకి ఫిట్స్ వచ్చాయి. మంచం మంచమంతా ఎగిరింది. నర్సులు పరుగెత్తుకొచ్చి మేస్త్రీని బయటికి తోసి తెర లాగేశారు. అప్పుడు, ఆ తెర పూర్తిగా మూసుకుందని చూసుకుని, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చెప్పాను. జబ్బు పేరు, మాత్ర పేరు, ఎన్నేళ్ళుగా, ఎంత మోతాదు, మేస్త్రీ ఇచ్చిన నొప్పి మాత్రలు ఎన్ని. ఒక్క తప్పు లేకుండా గడగడా అప్పజెప్పాను.

ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. నర్సుతో ఏదో చెప్పి పంపించి నా వైపు తిరిగింది.

"పన్నెండున్నరకి వచ్చారు మీరు. ఇప్పుడు ఐదైంది. అడిగినప్పుడు లేదన్నారు. ఎందుకు చెప్పలేదమ్మా?"

"పక్కన మనుషులున్నారండీ" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. నా మొహం వంక చూసి, తల విదిలించి, రక్తాన్ని కడిగే మెషిన్ సిద్ధం చెయ్యమని కేకలు వేసుకుంటూ వెళ్ళిపోయింది. నేను వెనకే పరుగెత్తాను. ప్రాణం కాపాడమని కాళ్ళు పట్టుకోవడానికి కాదు. "బయటున్న పెద్దాయనకి మాత్రం షుగరనే చెప్పండమ్మా" అని అడగడానికి.

ప్రాణం దక్కింది. పదిహేడు రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాను. రక్తంలో విషం అన్ని గంటలు నిలిచిపోవడం వల్ల మెదడు వెనక భాగం దెబ్బతిందని, చేతుల వణుకూ నడకలో తూలుడూ మాటలో ముద్దతనమూ ఇక పోకపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. వచ్చిన గంటలోనే తెలిస్తే ఇంత ఉండేది కాదేమో అని కూడా అంది. ఆ "ఏమో" నా మీద జాలితో అన్నదని తెలుసు. వాడిప్పుడు గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒంటి మీదే. చొక్కా గుండీలు నేను పెడతాను. మెషిన్ మాట ఎత్తడం ఎవరి తరం?

వాడి మాట మొదట్లో నాకూ అర్థమయ్యేది కాదు. రోజంతా పక్కనే ఉండి, పెదవులు చూసి చూసి నేర్చుకున్నాను. వారం తిరిగేసరికి ప్రతి ముక్కా తెలిసిపోయేది. పక్కింటావిడకీ, మందుల షాపతనికీ ఒక్క అక్షరం అందేది కాదు. వాడేమైనా అంటే ఇద్దరూ నా మొహం చూసేవాళ్ళు, నేను చెప్పేదాన్ని.

ఒక సాయంత్రం అన్నం తినిపిస్తుంటే అడిగాడు.

"ప్రెస్సులో ఏం చెప్పావు?"

"షుగర్ వల్ల పక్షవాతం వచ్చిందని."

నోట్లో ముద్ద నమిలి మింగాడు.

"ఇప్పుడైనా చెప్పక్కా. ఇంక పోయేదేముంది?"

"పని పోయింది. మర్యాదైనా మిగలనీరా."

"ఎవరి మర్యాద?"

నేను ముద్ద కలిపి నోటికందించాను. వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "మేస్త్రీకి ఒక్కడికైనా చెప్పు. ఆయన నన్ను కొడుకనుకుంటాడు. ఎవరనుకుని ప్రేమించాడో తెలియనీ. తెలిశాక కూడా వస్తే వస్తాడు, మానితే మానేస్తాడు. నాకది చూడాలనుంది." అంత పొడుగు మాట మాట్లాడ్డానికి వాడికి ఎంతసేపు పట్టిందో. సరే అన్నాను. తప్పకుండా చెప్తానన్నాను.

ఆ తర్వాతి ఆదివారం మేస్త్రీ వచ్చాడు. పళ్ళు తెచ్చాడు, షుగరున్నవాళ్ళు తినదగినవే ఏరి ఏరి తెచ్చాడు. మంచం అంచున కూర్చుని, వణుకుతున్న చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ప్రెస్సులో అందరూ అడుగుతున్నారన్నాడు. యజమాని కూడా ఒక రోజు వచ్చి చూస్తానన్నాడట. "పక్షవాతం ఎంతమందికి రాలేదు? లేచి తిరగడం లేదూ?" అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పాలి. చెప్తానన్నాను. మా వాడు నా వైపు చూశాడు, కాసేపు ఆగాడు, ఇంకాసేపు ఆగాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

"నాకు షుగర్ లేదు మేస్త్రీ. ఎప్పుడూ లేదు. నాది మనసు జబ్బు. మీ దగ్గర దాచాం."

మెడ నరాలు ఉబ్బిపోయాయి. చొంగ కారింది. ఒక్కొక్క మాటనీ లాగి లాగి బయటికి తెచ్చాడు. నాకు ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది.

మేస్త్రీ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మొహం అయోమయంగా పెట్టాడు. మా వాడు మళ్ళీ అన్నాడు, మొదటిదాని కంటే మెల్లగా, మొత్తం. మేస్త్రీ తలెత్తి నా వైపు తిరిగాడు.

"ఏమంటున్నాడమ్మా?"

మా తమ్ముడు కూడా నా వైపే చూస్తున్నాడు. వాడి కళ్ళల్లో బతిమాలడం లేదు. అడగడం ఉంది, అంతే. నాకు ప్రూఫుల మాష్టారి చాకు గుర్తొచ్చింది. నా మాట విన్నాక ఈ ముసలాయన తన చేతుల మధ్య నుంచి వాడి చేతిని మెల్లగా వదిలెయ్యడం కళ్ళకి కట్టింది. అలా జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. బహుశా జరిగేది కాదేమో కూడా.

"మెషిన్ మీద ఇప్పుడెవరున్నారని అడుగుతున్నాడు మేస్త్రీ గారూ" అన్నాను.

మేస్త్రీ కళ్ళు నిండిపోయాయి. "ఇంకా దాని మీదేనట్రా నీ ధ్యాసంతా!" అని వాడి తల నిమిరాడు. కొత్తగా ఒకణ్ణి పెట్టారనీ, వాడి కోతకి అంచులన్నీ పళ్ళు పళ్ళుగా వస్తున్నాయనీ, కత్తి పదును పెట్టించడం కూడా రాదనీ, నువ్వు లేచొచ్చి నేర్పాలనీ చాలాసేపు చెప్పాడు. ఆ చెప్పినంతసేపూ మా వాడు ఆయన వైపు చూడలేదు. నన్నే చూశాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. వేళకి తింటాడు, మాత్ర ఇస్తే మింగుతాడు, చొక్కా తొడగడానికి చేతులు ఎత్తి ఇస్తాడు. వాడి మాట అర్థమయ్యేది ఈ లోకంలో నాకొక్కదానికే. ఆ ఆదివారం నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు.